గోడ చివర రెండంకెలు

అడ్డగీత దగ్గరికొచ్చి కుంచె ఆగిపోయింది. తప్పు అడ్డగీతది కాదు, గీసినవాడిది. గీసినవాడు తనే కావడంతో తిట్టడానికి వేరే మనిషి దొరక్క, పెయింటర్ నిచ్చెన నాలుగో మెట్టు మీద నిలబడి గోడ అంచును చూస్తున్నాడు. స్టేడియం పెద్దగేటు పక్కనున్న ఈ తెల్లగోడ మీద, క్లబ్బులో ఇప్పటిదాకా పనిచేసిన కోచ్‌ల పేర్లు పదకొండు ఉన్నాయి, అంటే సరిగ్గా ఒక జట్టుకు సరిపడా. అందరూ ఓడి వెళ్ళినవాళ్ళే గనక ఆ జట్టును మైదానంలో దింపినా ఓడేదే. పేరు, వచ్చిన ఏడాది, ఒక అడ్డగీత, వెళ్ళిన ఏడాది, ఒక్కొక్కరికి అంతే చరిత్ర. కోచ్ వచ్చిన రోజున మొదటి మూడూ రాయాలి, వెళ్ళిన మర్నాడు పొద్దున నాలుగోది రాయాలి. ఇరవై ఆరేళ్ళుగా ఆ ఆచారమూ మారలేదు, ఆ చేయీ మారలేదు. పదకొండో పేరు రాసిన రోజున మాత్రం సంబరం చేతిలోకి దిగి అక్షరాలు ఒళ్ళు చేశాయి, అడ్డగీత గీసేసరికి ఆ వరసలో గోడే అయిపోయింది, అంచుకూ గీతకూ మధ్య నాలుగు వేళ్ళ చోటు మిగిలింది. "బాగా రాశారు పెయింటర్ గారూ, నన్ను పంపించడానికి చోటే ఉంచలేదు" అని అప్పుడు కింద నిలబడి నవ్విన మనిషిని నిన్న సాయంత్రం పంపించేశారు. తొమ్మిది నెలలు. తొమ్మిది నెలల్లో ఎక్కడైనా మనిషి పుడతాడు, ఇక్కడ కోచ్ పోతాడు. తొమ్మిదింటికి ఆయన తన సామాన్లు తీసుకోవడానికి వస్తాడని వాచ్‌మన్ చెప్పాడు. ఇప్పుడు ఎనిమిదీ పది. నాలుగంకెలకు చోటు లేదు కాబట్టి రాయాల్సింది చివరి రెండంకెలే, ఐదు నిమిషాల పని. రాసేసి నిచ్చెన భుజాన వేసుకుని పోతే ఆ ముఖం చూడక్కర్లేదు. ఉంటే చూడాలి, చూస్తే చెప్పాలి, మిమ్మల్ని పొమ్మన్న ఆ బ్యానర్ రాసింది నేనే సార్ అని. ఆ ఒక్క ముక్క గొంతులో పెట్టుకునే ఈ పొద్దున టీ కూడా తాగకుండా వచ్చాడు, గుటకతో పాటు అదీ లోపలికి పోతుందేమోనని.

రంగు చిక్కబడిందేమోనని డబ్బాలో కుంచె తిప్పాడు, చిక్కబడలేదు, అయినా తిప్పడం ఆపలేదు. నల్లరంగు సుడి తిరుగుతుంటే కిందటేడు తిరిగొచ్చింది. జట్టు కింది లీగుకు జారింది, పెద్ద ఆటగాళ్ళు జారుకున్నారు, మిగిలినవాళ్ళు గడ్డం సరిగా రాని కుర్రాళ్ళు. క్లబ్బు ఈ కొత్త కోచ్‌ను తెచ్చి, ఇది జట్టు కట్టుకునే ఏడాది అని నోటీసు అంటించింది. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు జట్టు కట్టి చూడు అనడం మర్చిపోయారు. టికెట్ల షెడ్డులో అభిమానుల మీటింగు పెడితే ఆయన మైకు ముందు నిలబడ్డాడు, నున్నటి బోడిగుండు, మెడలో ఈల, చేతిలో కాగితం కూడా లేదు. రెండేళ్ళివ్వండి, మొదటేడు ఓడిపోతాం, ఎలా ఓడిపోతున్నామో చూడండి, రెండో ఏడు వచ్చి నన్ను అడగండి, అన్నాడు. మొదటిరోజే ఓటమి గురించి చెప్పిన కోచ్ ఆ గోడ మీద ఇంకెవరూ లేరు. అందరికీ ముచ్చటేసింది. రెండేళ్ళు నోరెత్తం అనేవాళ్ళు చేతులెత్తండని కండక్టరు అరిచాడు, వాడికి బస్సులో వెనక సీటు దాకా వినిపించే గొంతుంది, మూడొందల చేతులు లేచాయి. పెయింటర్ రెండు చేతులూ ఎత్తాడు, ఆ లెక్కన నాలుగేళ్ళిచ్చాడు. చేతులెత్తడానికీ చేతులెత్తేయడానికీ మధ్య దూరం ఎంతో అప్పుడు తట్టలేదు. మొదటి మ్యాచ్ ఓడితే కుర్రాళ్ళు కదా అన్నారు, రెండోది ఓడితే కుర్రాళ్ళే కదా అన్నారు, మూడోది ఓడితే కుర్రాళ్ళేనా అన్నారు, నాలుగోదానికి అనడం మానేసి అరవడం మొదలుపెట్టారు. గోల్ పడనిచోట గోలే పడుతుంది. బంతి ఆడేవాడికన్నా బంతిలో కూర్చున్నవాడికే ఆకలెక్కువ. కొత్త కోచ్ అంటే ఆకు ముందు నిలబడ్డ వడ్డనవాడే గదా, పొయ్యి మీద ఎసరు మరుగుతోందంటే ఎవడు వింటాడు. తనైనా వినాల్సింది. తడి ఆరందే రెండో కోటు వెయ్యనని ఎంతమందిని దుకాణం గుమ్మంలోంచి వెనక్కి పంపలేదు, రేపే ప్రారంభోత్సవం బోర్డు కావాలని బతిమాలినవాణ్ణి కూడా, గోడకు తొందర లేదు బాబూ, తొందర నీకే అని. అంత ఓర్పు గోడలకు ఇచ్చి మనిషికి ఇవ్వలేకపోయాడు.

అదీ తెలియక చేసింది కాదు. తెలియక చేసినవాళ్ళు మూడొందల మంది ఉన్నారు, వాళ్ళు హాయిగా నిద్రపోతారు. తెలిసి చేసినవాడు ఒక్కడు, వాడు నిచ్చెనెక్కి ఉన్నాడు. లాకర్ల గది వాసన ఇప్పటికీ ముక్కుకు తగులుతుంది, తడి తువ్వాళ్ళు, కాళ్ళకు రాసే మందు, వాటి మీద తన ఎనామిల్ రంగు. రెండో మ్యాచ్ అయిన మర్నాడు కొత్త కుర్రాళ్ళ పేర్లు లాకర్ల మీద రాయడానికి వెళ్ళాడు. పద్నాలుగేళ్ళు ఈ క్లబ్బును మోసిన కెప్టెన్‌ను ఆ రెండు మ్యాచ్‌లూ బెంచీ మీద కూర్చోబెట్టారు. కెప్టెన్ అంటే మాటలా, ఊళ్ళో సగంమంది ఆయన ఆట చూస్తూ పెద్దవాళ్ళయ్యారు, మిగతా సగం చూస్తూ ముసలివాళ్ళయ్యారు. కడుపు మండి, ఆ లాకరు ముందు నిలబడి, ఈ పేరు చెరిపేయనా సార్ అని కాస్త వెటకారంగానే అడిగాడు. కోచ్ లేచి వెళ్ళి తలుపు మూసి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

"డాక్టరు చూశాడు. మోకాలు అయిపోయింది. ఇంకో ఏడాది ఆడితే తర్వాత కర్ర పట్టుకునే నడవాలి."

"మరి ఆ మాట అందరికీ చెప్పొచ్చుగా సార్?"

"చెప్పొద్దన్నాడాయన. మోకాలు పోయిందనకండి, మీరే తీసేశామనండి అన్నాడు. జనం జాలిపడితే తట్టుకోలేడట. కోపమైతే నా మీదికే వస్తుందిగా, నేను కొత్తవాణ్ణి, తట్టుకుంటానట."

"తట్టుకుంటారా?"

"చూద్దాం. మీరు ఎవరితోనూ అనకండి."

నా నోటికి వార్నిష్ కొట్టేసుకున్నా సార్, చుక్క కారదు అన్నాడు పెయింటర్, ఆయన నవ్వాడు, తనూ నవ్వాడు, ఎక్కడికెళ్ళినా ఒక మాట విసిరి నవ్వించందే తనకు తోచదు. ఆ రహస్యం తనకెందుకు చెప్పాడో ఇప్పటికీ అర్థం కాదు. ఎవరో ఒకరితో అనకపోతే ఆ బరువు దిగదేమో. మోకాలికీ బోడిగుండుకూ ముడిపెట్టకు అంటారు లోకంలో, ఇక్కడ నిజంగానే ముడిపడింది, ఒకరి మోకాలి నొప్పి ఇంకొకరి గుండు మీద తేలింది, ఆ ముడి ఎక్కడుందో తెలిసిన మూడోవాడు తను. విప్పొద్దన్నారు, సరే, విప్పలేదు. లాగి బిగించమని మాత్రం ఎవరూ అనలేదే.

కాకి ఒకటి గేటు మీద వాలి, ఇతగాడు రాస్తాడా రాయడా అన్నట్టు మెడ వంచి చూసింది. రాస్తాలేవే. రాయడమే కదా నా రాత. ఏడో ఓటమి తర్వాత కండక్టరూ ఇంకో నలుగురూ దుకాణానికొచ్చి స్టూళ్ళ మీద కూర్చున్నారు, నువ్వు రాయకపోతే ఎవరు రాస్తారు గురూ, ఆ మాట నీ నోట్లో ఇప్పటికే ఉంది, దవడ చూస్తేనే తెలుస్తోంది అన్నారు. ఉంది. అదే సిగ్గుచేటు. రెండు రోజుల ముందు సైకిల్ మీద వస్తుంటే వచ్చి కూర్చుంది, తుమ్ములాంటిది, ఆపుకుంటే చెవులు దిబ్బళ్ళు వేసేలా ఉంది. కెప్టెన్ని కూర్చోబెట్టావు, ఇక నువ్వు లే. అనగానే కండక్టరు తొడ చరిచి స్టూలు మీంచి నిజంగానే లేచాడు. ఆ నవ్వు, ఐదుగురి నవ్వు, దాని కోసం. దాని కోసమే. ఐదుగురు నవ్వగానే, ఐదువందల మంది నవ్వితే ఎలా ఉంటుందో వినాలనిపించే జబ్బు తనది. మోకాలి సంగతి ఆ క్షణంలో గుర్తులేదని చెప్పుకుంటే బాగుండు, గుర్తుంది, నాలిక చివర కాదు గానీ నాలిక కింద ఉంది, దాని మీదుగానే ఈ మాట జారి వచ్చింది. గుడ్డ కోసం ఇంటికెళితే కుట్టుమిషను ముందు కూర్చున్న ఇల్లాలు కళ్ళజోడు పైనుంచి చూసింది. ఈయనకి స్వాగతం గుడ్డకి అంచు కుట్టి ఆర్నెల్లు కాలేదు, మళ్ళీ ఈయనకేనా అంది. కొత్తది అక్కర్లేదులే, దాని వెనకవైపు ఖాళీగానే ఉందిగా అన్నాడు. ఆవిడ దారం కొరికి, "మనిషి విషయంలో ముందూ వెనకా చూసుకోవాలంటారు. మీరు గుడ్డకి చూసుకుంటున్నారు" అంది. ఆ మాట తనకు తట్టి ఉంటే ఊరంతా చెప్పుకునేవాడు. ఆవిడది గనక విననట్టు గుడ్డ మడతపెట్టుకుని వచ్చేశాడు.

పెద్ద పొరపాటు అక్కడ జరిగింది, ముప్ఫై ఏళ్ళ పనివాడు చేయకూడని పొరపాటు. పలచటి గుడ్డ, రెండువైపులా నల్లరంగు. స్టాండు పైవరసలో పడమటి ఎండ వెనక నుంచి పడేసరికి, ఇక నువ్వు లే అన్న అక్షరాల మధ్యలోంచి స్వాగతం అన్న మాట తలకిందులుగా కాదు గానీ అద్దంలోలా ఎడమ కుడిగా, మసక మసగ్గా తేలింది. రమ్మన్నదీ పొమ్మన్నదీ ఒక్క గుడ్డే ఒక్కసారే అరుస్తున్నట్టు. జనానికి పట్టలేదు, జనం నవ్వారు, ఐదువందల మంది నవ్వితే ఎలా ఉంటుందో తెలిసింది. అలలా వచ్చి పొట్టకు తగులుతుంది. ఆ అల మీద తేలుతూనే గీత దగ్గర నిలబడ్డ ఆ గుండు ఇటు తిరగడం చూశాడు. ఆయన చేయి కళ్ళకు అడ్డం పెట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకు నిదానంగా చదివాడు, పిల్లల పరీక్ష పేపరు దిద్దే మాస్టారులా, ఒక్కో మాటా. చదివి మళ్ళీ ఆట వైపు తిరిగాడు. మాట నిలబెట్టుకోవడానికి నోరు మూసుకుంటే చాలు. చేయి ఎందుకు కదిలింది? ఎవరికీ ఏమీ చెప్పలేదు నేను, మాట తప్పలేదు నేను అని తొంభై నిమిషాలూ లోపల అనుకుంటూనే కూర్చున్నాడు. మళ్ళీ మూడు మ్యాచ్‌లకు ఆ గుడ్డ లేచింది. మొన్న ఆదివారం అయిదోసారి లేచి సగంలోనే దిగింది, పట్టుకున్నవాళ్ళు ఆట చూడ్డానికి వదిలేశారు. ఆ కుర్రాళ్ళు ఒకడి కాలి నుంచి ఇంకొకడి కాలికి, అక్కడి నుంచి ఇంకొకడికి, బంతికి ఊపిరాడనివ్వకుండా పదకొండు పాసులిచ్చి గోల్ కొట్టారు. గోడ ఆరింది. అసలు రంగు తేలింది. అప్పటికే ఆయన్ను పంపించే కాగితం మీద కమిటీ సంతకాలు చేసేసింది.

"ఏంటి గురూ, గుటకలు మింగుతున్నావా, అంకెలు రాస్తున్నావా?"

కండక్టరు. డ్యూటీ దిగి యూనిఫాం కూడా విప్పకుండా, చంకలో కొత్త గుడ్డ చుట్టతో, ముఖం వెలిగిపోతూ వచ్చాడు. కింద నుంచే నిచ్చెన కాలును తట్టి చెప్పాడు, పన్నెండో పేరు ఎవరిదో తెలుసా, మన కెప్టెన్‌దే, కమిటీ ఒప్పుకుంది, తొమ్మిదిన్నరకి వస్తున్నాడు. సందు మొదట్లో కారు దిగి గేటుదాకా నడిచి రావాలి, కొత్త కోచ్ నడిచే రావాలి కదా ఆనవాయితీ, రెండువైపులా మనవాళ్ళు నిలబడతారు, పూర్తిగా రెండొందల అడుగులు, చిన్న విషయమా. మంచి మాట ఒకటి తియ్యి. "ఈసారి మనవాడు. మనకి ఎదురు చూడాల్సిన పనే లేదు. పై లీగుకి ఎక్కడం ఈ ఏడాదే, కప్పు కూడా ఈ ఏడాదే."

"కట్టుకునే ఏడాదన్నారుగా."

"కట్టింది చాల్లే గురూ. ఇక గృహప్రవేశమే."

మామూలుగా అయితే ఆ గృహప్రవేశాన్ని పట్టుకుని పెయింటర్ అరగంట నడిపేవాడు. ఇవాళ చెవిలో వేరే మాట తిరుగుతోంది. రెండొందల అడుగులు. ఇన్నాళ్ళూ కెప్టెన్ కారు వెనకగేటు లోంచి బెంచీ దాకా వెళ్ళేది, కూర్చున్న మనిషి మోకాలు ఎవరికి కనిపిస్తుంది. ఇవాళ ఎండలో, జనం మధ్య, రెండొందల అడుగులు నడిస్తే కనిపిస్తుంది. నలభయ్యో అడుగుకే కనిపిస్తుంది. కనిపించనీ. ఒక్క క్షణం ఆ ఆలోచన తియ్యగా పాకింది, నేను నోరు విప్పక్కర్లేదు, మాట తప్పక్కర్లేదు, మోకాలే చెప్పేస్తుంది, అప్పుడు తెలుస్తుంది వీళ్ళకి ఎవరిని పంపించారో, ఎందుకు పంపించారో. ఆ గుండాయన గౌరవం ఆయనకు తిరిగొస్తుంది, నా పాపం నాకు దిగుతుంది, ఎవరి చేతికీ రంగంటదు. కండక్టరు సందు చివరికి మనుషుల్ని నిలబెట్టడానికి పరుగెత్తాడు. పెయింటర్ అంకెల కోసం సుద్దముక్కతో గీతలు పెట్టి, బాగా రాలేదని చెరిపి, మళ్ళీ పెట్టాడు. చెరపడం ఎంత సులువు సుద్దముక్కతో.

కోచ్ వెనకగేటు నుంచి లోపలికెళ్ళినట్టున్నాడు, పెద్దగేటు లోంచి బయటికొచ్చేసరికి తొమ్మిదీ ఐదు. అట్టపెట్టె ఒకటి, దాంట్లో బూట్లు, ఒక నోటుబుక్కు, మెడలో ఉండే ఈల. పెట్టె గోడవారగా పెట్టి పైకి చూశాడు.

"ఇంకా రాయలేదే."

"చోటు చాల్లేదు సార్."

"అప్పుడే చెప్పానుగా. రాసేయండి, నిచ్చెన నేను పట్టుకుంటా."

ఆయన రెండు చేతులతో నిచ్చెన పట్టుకున్నాడు. ఆయన్ను పంపించే అంకెలు రాయడానికి ఆయనే దన్ను. కుంచె రంగులో ముంచి, పైకి ఎత్తి, ఎత్తినచోటే ఉంచి, గోడ వైపే చూస్తూ, "సార్, ఆ బ్యానరు" అన్నాడు పెయింటర్.

"మీరే రాశారు. తెలుసు."

"ఎలా తెలుసు?"

"తొమ్మిది నెలలు ఈ గోడ మీద నా పేరు చూసుకునే లోపలికెళ్ళాను. కొమ్ము చివర కుంచె అలా విదిలించేది ఈ ఊళ్ళో మీరొక్కరే."

"మరి ఒక్క మాటైనా అనలేదు."

"ఏమనాలి? అది లేచినప్పుడల్లా నేను వెతికింది ఒక్క మాట కోసం. మోకాలు అన్న మాట ఉందా అని. ఐదుసార్లు చదివాను, ఐదుసార్లూ లేదు." ఆయన నిచ్చెన మీద పట్టు సర్దుకున్నాడు. "మాట నిలబెట్టుకున్నారు. థాంక్స్ చెప్పాలనే ఈ గేటు నుంచి వచ్చాను."

చెంప మీద కొట్టి ఉంటే బాగుండేది. కొడితే ఒక చెంపే మండేది. నేను అందరికీ చెప్పేస్తా సార్, ఇప్పుడే, ఈ నిచ్చెన మీంచే చెప్పేస్తా అన్నాడు పెయింటర్.

"ఎవరి కోసం? నా కోసమైతే వద్దు, నేను వెళ్ళిపోతున్నా. మీ కోసమైతే మీ ఇష్టం."

పెయింటర్ కుంచె మళ్ళీ రంగులో ముంచాడు. రెండంకెలూ రాశాడు, ఇరుకుగా, గోడ అంచుకు భుజాలు ఒరుసుకుంటూ నిలబడ్డాయి. కోచ్ నిచ్చెన వదిలి, ఒకసారి వెనక్కి నడిచి చూసి, ఆ కుర్రాళ్ళని ఇంకొన్నాళ్ళు తిట్టకుండా చూడండి అని, పెట్టె ఎత్తుకుని బస్టాపు వైపు వెళ్ళిపోయాడు. సందు అటు చివర చప్పట్లు మొదలయ్యాయి, ఇటు చివర ఆయన వెళుతున్నాడు, ఒక్కరూ అటు తిరగలేదు.

కెప్టెన్ కారు దిగాడు. జనం రెండు పాయలుగా నిలబడ్డారు. పది అడుగులు బాగానే వేశాడు, ఇరవై. అక్కడి నుంచి కుడికాలు కాస్త వెనకబడింది. పెయింటర్‌కు నిచ్చెన మీంచి స్పష్టంగా కనిపించింది, ఒక అడుగు పెట్టడమూ, లోపలెక్కడో దాన్ని సరిచూసుకోవడమూ, రెండో అడుగు. కండక్టరు వెనక్కి తిరిగి తన వైపు అరిచాడు, చూశావా గురూ ఆ నడక, ఆ దర్జా, మనవాడికి తొందరే లేదు. ఇంకో పది అడుగులకు దర్జా అన్న మాట ఆగదు. పైన నిలబడితే చాలు, ఏమీ చెయ్యకుండా నిలబడితే చాలు, అంతా బయటపడుతుంది. ఇదివరకూ చేసింది అదే, ఏమీ చెయ్యనట్టు చెయ్యడం. ఎప్పుడు దిగాడో తెలియదు, రంగుచేతులతోనే జనాన్ని తోసుకుంటూ ఎదురెళ్ళి కెప్టెన్ పక్కకు చేరి, ఆ కుడివైపునే చేరి, అడుగులో అడుగు కలిపాడు.

"ఎవరు చెప్పారన్నా నీకు?" అన్నాడు కెప్టెన్, జనం వైపు నవ్వుతూనే, పెదాలు కదపకుండా.

"ఏం చెప్పడం? పొద్దుట్నుంచి నిచ్చెన మీద నిలబడి నాకు కాళ్ళు పట్టేశాయి కెప్టెన్. కాస్త మెల్లగా నడుద్దాం."

కబుర్లు చెప్పుకుంటూ నడిచేవాళ్ళను ఎందుకంత నిదానమని ఎవరూ అడగరు. పెయింటర్ కబుర్లు మొదలుపెట్టాడు, గేటు గురించి, గోడ గురించి, గేటు మీద వాలిన కాకి గురించి, నోటికి ఏదొస్తే అది. ఎనభయ్యో అడుగు దగ్గర కెప్టెన్ చేయి వచ్చి అతని భుజం మీద పడింది, చూసేవాళ్ళకు చనువుగా వేసిన చేయి, మోసేవాడికి మనిషిలో సగం బరువు. రెండువైపులా కప్పు ఈ ఏడాదే అని అరుస్తున్నారు. ఇంకా నూట ఇరవై అడుగులున్నాయి. పెయింటర్ మాట్లాడుతూనే ఉన్నాడు.